మొగులమ్మ సరిదిద్దిన జీవాలు

కడుపుతో ఉన్న మనిషి ఏం చూస్తే అదే పుడుతుందని మొగులమ్మ నమ్మకం. ఎవరు చెప్పారని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు, అడిగినవాళ్ల మీద కోపం మాత్రం ఉంది. అందుకే కోడలికి మూడో నెల దాటగానే పటాన్‌చెరు అంగట్లో బొద్దు పిల్లల క్యాలెండర్లు మూడు ఏరి తెచ్చి, బీరంగూడలోని కిరాయి ఇంట్లో మంచానికి ఎదురుగా వరసగా వేలాడదీసింది. కోడలు కౌసల్య కళ్లు తెరిస్తే వాళ్లే కనబడాలి, మూస్తే వాళ్లే మెదలాలి. ఇంత పకడ్బందీగా సిద్ధం చేసిన గదిలోకి ఆమె కొడుకు యాదన్న ఒక పాత కంప్యూటరునూ, దాంతోపాటు జీవాలను తయారుచేసే ఒక ఆటనూ తెచ్చిపెట్టాడు. 2009 వానాకాలంలో మొగులమ్మ పరేషాన్ అక్కడ మొదలైంది.

యాదన్నను తప్పు పట్టడానికి లేదు. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో షిఫ్టు పని అతనిది. కౌసల్య కూడా ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసేది. ఐదో నెలలో డాక్టరమ్మ గర్భసంచికి కుట్టు వేసి, కాన్పు దాకా మంచం దిగొద్దని చెప్పింది. రోజూ బస్సెక్కి పనికి పోయే మనిషిని మంచానికి కట్టేస్తే ఏం చేస్తుంది? పైకప్పు చూస్తుంది. పైకప్పు చూస్తూ పోయిన పిల్లను తలుచుకుంటుంది. అది చూడలేక యాదన్న తోటి పనివాడి దగ్గర ఆ కంప్యూటరు కొని, మంచం పక్కన స్టూలు మీద పెట్టి, మౌసు తిప్పుకోవడానికి ఒక తాంబాళం బోర్లించి ఇచ్చాడు.

పోయిన పిల్ల సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద లక్డారంలో, మొగులమ్మ ఇంట్లోనే, కౌసల్య మొదటి కాన్పు. కౌసల్యకు తల్లి లేదు, ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఒక అక్క ఉంది గానీ ఆమెకు ఆమె సంసారమే చాలు. కాబట్టి కాన్పు అత్తమీదే పడింది. ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. చనిపోయి పుట్టిన బిడ్డను తల్లికి చూపించడం ఆ ఇంట్లో ఆనవాయితీ కాదు. చూసింది మంత్రసాని శివమ్మా, మొగులమ్మా ఇద్దరే. “పిల్ల రూపం సరిగ్గ లేదు, చూడకుండ్రి” అని మొగులమ్మ గడప దగ్గర చెప్పింది. యాదన్న గుడ్డలో చుట్టినదాన్ని చుట్టినట్టే తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఫ్యాక్టరీల మురుగు కలిసిన వాగు నీళ్లు తాగిన బర్రెలు నెలలు నిండకముందే ఈసుకపోతున్నాయనీ, చచ్చిన దూడలు పుడుతున్నాయనీ అప్పటికే ఇంటింటా అనుకుంటున్నారు. మనుషులకు మాత్రం ఎందుకు కాదని తలలూపారు. ఆ మరుసటి ఏడు శివమ్మ పోయింది. ఆ పిల్లను చూసినవాళ్లలో ఇక మిగిలింది మొగులమ్మ ఒక్కతే.

ఇప్పుడు ఏడో నెల. ఈ కాన్పు గట్టెక్కాలి, అంతే. మొగులమ్మ అన్నం తింటున్నా, బట్టలు ఉతుకుతున్నా లోపల అదే గుబులు. కోడలు దగ్గితే ఉలిక్కిపడేది, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదని చూసేది.

అట్లాంటి మనిషి కళ్ల ముందు, ఆ కంప్యూటరు తెర మీద, మూడు కళ్లూ ఒంటి కాలూ ఉన్న పచ్చటి జీవం ఒకటి లేచి నిలబడి ఆవలించింది.

ఆట సంగతి యాదన్న ఎన్నిసార్లు చెప్పినా మొగులమ్మకు ఎక్కలేదు, చూస్తే మాత్రం ఒక్కరోజులో ఎక్కింది. మొదట తెర మీద పిండిముద్ద లాంటి ఒళ్లు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టి లాగితే సాగుతుంది, నొక్కితే కుంచించుకుపోతుంది. పక్కన అరల్లో నోళ్లు, కళ్లు, చేతులు, కాళ్లు, తోకలు, రెక్కలు. కావలసింది తీసి ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంటుంది. కన్ను మోకాలికి పెట్టినా యంత్రం కాదనదు. ఒంటికి రంగు పూసి ఒక గుర్తు మీద నొక్కగానే ఆ జీవం మైదానంలోకి దూకుతుంది. అప్పుడు చూడాలి తమాషా. కాళ్లెక్కడున్నాయో అదే చూసుకుంటుంది, ఎట్లా నడవాలో అదే కనిపెడుతుంది. ఒక పక్క మూడు కాళ్లూ ఇంకో పక్క ఒకటే కాలూ పెట్టినా సరే, కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, తనను చేసిన మనిషి వైపు తిరిగి కూత పెడుతుంది. యుద్ధం లేదు, గెలుపు లేదు. అది నడిచిందా లేదా అన్నదే అందులో ఉన్న సంబరమంతా.

మొదటిరోజు అది నడిచినప్పుడు కౌసల్య పకపకా నవ్వింది. ఆ ఇంట్లో రెండేళ్లుగా వినబడని నవ్వు అది. మొగులమ్మకు సంతోషమూ భయమూ ఒక్కసారే కలిగి, ఏది ముందు పడాలో తెలియక వంటింట్లోకి వెళ్లి ఉప్పు తీసి కోడలికి దిష్టి తీసింది. దిష్టి కోడలికా, తెర మీది జీవానికా అని యాదన్న వేళాకోళం చేశాడు.

ఇంటి ఓనరు వీరలక్ష్మి రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేది. తన మొగుడి ముఖం లాంటిది ఒకటి చేయమని కౌసల్యను అడిగి, దానికి కప్ప నోరు పెట్టించుకుని, అది గెంతుతుంటే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నలభై ఏళ్లొచ్చిన మనిషి ఇంత బొమ్మకు మురవడమేమిటని మొగులమ్మ ఈసడించుకుంది గానీ, ఒకనాడు కౌసల్య నిద్రపోతున్నప్పుడు వీరలక్ష్మి పక్కన కూర్చుని, అది నొక్కు ఇది నొక్కు అంటూ తానే ఒక బర్రెను చేయించింది. ముర్రా జాతి, మెలి తిరిగిన కొమ్ములు. అది లేచి తల విదిలించి తన వైపు చూసేసరికి మొగులమ్మ గుండె ఝల్లుమంది. ముప్పై ఏళ్లు బర్రెలు కాసిన మనిషి, అవి ఎట్లా ఈనాయో అట్లాగే తీసుకుంది తప్ప కొమ్ము ఇట్లా తిరగాలని ఎన్నడూ అడిగి ఎరగదు. తను అడిగినట్టు పుట్టి, అడిగినట్టు నడిచే ప్రాణం ఒకటి ఉందంటే ఎవరికి ముద్దు రాదు? ఆ సాయంత్రం ఆమె తన ముద్దుకు తానే సిగ్గుపడింది.

భయం మాత్రం పోలేదు, పెరిగింది. ఎందుకంటే కౌసల్య నవ్వడం మానేసింది. మొదట్లో ఏనుగు తొండాలు, నెమలి తోకలు పెట్టి ఆడిన పిల్ల, రానురాను చిన్న చిన్న జీవాలే చేస్తోంది. ఒకదానికి చెయ్యి లేదు, ఒకదానికి కాలు వెనక్కి తిరిగింది, ఒకదాని నెత్తి ఒంటికన్నా పెద్దది. ప్రతిదాన్నీ మైదానంలోకి దించి, అది నడిచేదాకా ఊపిరి బిగబట్టి చూసి, దాచిపెట్టి, ఇంకోటి మొదలుపెట్టేది. ఎదురుగా మూడు క్యాలెండర్ల పిల్లలు ఉత్తపుణ్యానికి నవ్వుతూనే ఉన్నారు, వాళ్ల మొహం చూసే నాథుడు లేడు.

దానికి తోడు, అరల్లో ఉన్నవి చాలడం లేదనీ, ఈ ఆటకే కొత్త భాగాలతో ఇంకో సీడీ వచ్చిందనీ, అది కావాలనీ కౌసల్య మొగుణ్ణి అడిగింది. వందల కాళ్లు, వందల చేతులు ఉండగా ఇంకా ఏం తక్కువైందని మొగులమ్మ గొణిగింది. యాదన్న ల్యాబులో కుర్రవాళ్ల సంగతి చెప్పాడు. ఆట పాతబడ్డా ఎవరూ వదలరట, కొత్త సీడీ కోసం నెలల తరబడి ఎదురుచూస్తారట. మనసులో ఉన్న జీవం ఒకటుంటుంది, చేతికి అందే ముక్కలు దానికి ఎప్పుడూ సరిగ్గా సరిపోవు, వచ్చే సీడీలో ఆ ముక్క ఉంటుందేమోనని ఆశట. రెండు రోజుల్లో సీడీ వచ్చింది. పురుగుల కాళ్లు, బొచ్చు, మెత్తటి రెక్కలు, ముడుచుకునే చిన్న చిన్న వేళ్లు. కౌసల్య మిగతావేవీ ముట్టుకోలేదు, ఆ వేళ్ల దగ్గరే ఆగిపోయింది. అది చూసి మొగులమ్మకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకుంది. ఆట మాన్పిద్దామంటే కోడలు దిగులు పడుతుంది, దిగులు కడుపుకు మంచిది కాదు. ఆడనిస్తే ఆ వంకర రూపాలన్నీ కళ్లలోంచి దిగి కడుపులోకి పోతాయి. రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. కౌసల్య మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా తాంబాళం మీది మౌసు పట్టుకుని, దాచిపెట్టిన జీవాలను ఒక్కొక్కటే బయటకు తీసి సరిదిద్దసాగింది. వీరలక్ష్మి చూపించిన గుర్తులు ఆమెకు కంఠతా వచ్చేశాయి. చెయ్యి లేనిదానికి చెయ్యి పెట్టింది. వెనక్కి తిరిగిన కాలును ముందుకు తిప్పింది. పెద్ద నెత్తిని నొక్కి చిన్నది చేసింది. కళ్లు రెండు, చెవులు రెండు, నోరు ఒకటి. ఆపైన టిక్కు గుర్తు మీద నొక్కితే పాతది పోయి కొత్తది నిలుస్తుంది. వారం రోజుల్లో అన్నీ చక్కబడ్డాయి. పొలంలో కలుపు తీసి గట్టు మీద కూర్చున్నంత హాయి కలిగిందామెకు.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు కౌసల్య ఆ జీవాలను తెరిచింది. ఒకటి చూసింది, రెండోది చూసింది, గబగబా అన్నీ చూసింది.

“ఇవి ఎవరు ముట్టుకున్నరు అత్తమ్మా?”

“నేనే,” అంది మొగులమ్మ, కొంచెం గర్వంగానే. “అన్నిటికి సక్కగ కాళ్లు చేతులు పెట్టిన. ఇగ జూడు, ఎంత ముద్దుగున్నయో.”

కౌసల్య అరవలేదు. మౌసు వదిలేసి, చేతులు కడుపు మీద పెట్టుకుంది. ఏదో పొరపాటు జరిగిందని మొగులమ్మకు అర్థమైంది.

“పదిహేడు ఉండె,” అంది కౌసల్య. “పదిహేడు గాదు, ఒక్కటే. ఒక్క పిల్లనే పదిహేడు తీర్ల చేసిన. రూపం సరిగ్గ లేదన్నవు గని ఏం సరిగ్గ లేదో చెప్పకపోతివి. చెయ్యి లేకుండెనేమో అనుకొని ఒకటి చేసిన. కాలు వంకరేమో అనుకొని ఒకటి చేసిన. ఏది చేసినా లేచి నడిచింది అత్తమ్మా. మరి నా పిల్లెందుకు లేవలే?”

మొగులమ్మకు ఆ అడుగుతున్నది తననేనని తెలుసు, జవాబు తన దగ్గరే ఉందనీ తెలుసు. రెండేళ్లుగా మింగి కూర్చున్న జవాబు అది. కడుపుతో ఉన్న మనిషి దగ్గర చచ్చినవాళ్ల మాట ఎత్తకూడదని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఎంతోసేపు నిలవలేదు.

“పొద్దటి సంది ఇది గూడ మెదుల్తలేదు,” అంది కౌసల్య. “ఎడమ పక్కకు పండి చూసిన. చక్కెర నీళ్లు తాగిన. చెప్తే నువ్వు భయపడతవని చెప్పలే.”

మొగులమ్మ వాకిట్లోకి పరిగెత్తి వీరలక్ష్మిని కేకేసింది. వీరలక్ష్మి వచ్చి, గడియారం చూసి, మెల్లగా ఆ మాట అంది. మూడు అవుతోంది, మంగళవారం రాహుకాలం నాలుగున్నర దాకా ఉంటుంది, ఈలోపు కొంచెం పాలు తాగించి చూద్దాం, నాలుగున్నరకు బయలుదేరవచ్చు. తప్పుడు మనిషి కాదు వీరలక్ష్మి. ఎవరైనా అనే మాటే అంది. ఆ మాట మొగులమ్మ నోట్లో కూడా అప్పటికే సగం ఉంది.

రెండేళ్ల కింద లక్డారంలో కూడా అదే మాట అంది తను. ఆనాడు అమావాస్య. పొద్దున్నే కౌసల్యకు ఉమ్మనీరు పోయింది. యాదన్న ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. తిథి సాయంత్రం నాలుగింటికి దాటుతుంది, అమావాస్య పూట మొదటి కాన్పుకు గడప దాటొద్దని మొగులమ్మ అడ్డుపడి, ఆటోను వాపస్ పంపింది. మూడింటికి పిల్ల ఇంట్లోనే పుట్టింది. శివమ్మ దాన్ని తలకిందులు చేసి వీపు మీద తట్టింది, ముక్కులో ఊదింది. లాభం లేకపోయింది. రూపం సరిగ్గా లేదన్న మాట మొగులమ్మ నోట అప్పుడే, గడప దగ్గర, తన ప్రమేయం లేకుండా పుట్టింది. రూపం సరిగ్గా లేని పిల్ల ఎట్లాగూ బతకదు కదా. అప్పుడు ఆటో వాపస్ పంపిన మనిషిని ఎవరు అడుగుతారు? ఎవరూ అడగలేదు.

“ఆటో పిలువు,” అంది మొగులమ్మ వీరలక్ష్మితో. “ఇప్పుడే. ఏ కాలమైతే ఏంది, పోదాం.”

ఆటో జంగయ్యది, ఎరిగినవాడే. వీరలక్ష్మి ఫోన్ చేసి యాదన్నకు చెబుతానంది. కౌసల్యను ఇద్దరూ పట్టుకుని ఎక్కించారు. పెద్ద రోడ్డు ఎక్కగానే లారీలు, ట్యాంకర్లు, షిఫ్టు బస్సులు. ఏదో బండి చెడిపోయిందట, అంతా ఆగిపోయింది. జంగయ్య హారన్ కొడుతూ, దిగి ముందుకు చూసొస్తూ, మళ్లీ కూర్చుంటూ ఉన్నాడు. కౌసల్య కళ్లు మూసుకుని అత్త భుజం మీద తల వాల్చింది.

“నా కడుపే గసుంటిదేమో అత్తమ్మా,” అంది. “వచ్చిన పిల్లనల్ల గట్లనే చేస్తదేమో. ఇది గూడ గందుకే మెదుల్తలేదేమో.”

ఇది వినడం మొగులమ్మ వల్ల కాలేదు. తను ఒక్కపూట తప్పించుకోవడానికి అన్న మాటను ఈ పిల్ల రెండేళ్లుగా తన ఒంటికి అంటించుకుని మోస్తోంది. ఇప్పుడు చెబితే దీని ప్రాణానికి ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో. ముందున్న ట్యాంకరు వెనక గొలుసు వేలాడుతోంది. దాని వైపే చూస్తూ చెప్పింది.

“పిల్ల మంచిగనే ఉండె బిడ్డా. రూపం సరిగ్గ లేదని నేను అబద్ధం చెప్పిన. అన్ని సక్కగ ఉండె. నీ కడుపు మంచిదే. ఆటో వాపస్ పంపింది నేను.”

కౌసల్య తల ఎత్తింది. ఆటో అంగుళం కదిలి ఆగింది.

“అప్పుడే పోతే బతుకునా?”

“ఏమో బిడ్డా. బతుకునేమో.”

ఆ తర్వాత కౌసల్య పక్కకు జరిగి, అటువైపు కమ్మీ పట్టుకుని కూర్చుంది. దారి దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ మొగులమ్మ తనకు తెలిసిన దేవతలనెవరినీ పిలవలేదు. పిలిచే మొహం లేదనిపించింది.

రామచంద్రాపురంలోని ఆస్పత్రిలో నర్సు కౌసల్యను పడుకోబెట్టి, కడుపు మీద చల్లటి జిగురు రాసి, చిన్న యంత్రం ఒకటి ఆనించింది. మొదట గరగర. యంత్రాన్ని కిందికి జరిపింది, గరగర. పక్కకు జరిపింది. మొగులమ్మ గోడ పట్టుకుని నిలబడింది, తన ఊపిరి శబ్దం కూడా అడ్డమనిపించి బిగబట్టింది. నర్సు ఇంకొంచెం కిందికి, ఎడమకు జరిపేసరికి దడదడమని వినబడింది. గుండె. పరిగెడుతున్నట్టు కొట్టుకుంటోంది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. శిశువు కదలిక తగ్గింది గానీ గుండె బాగానే ఉందనీ, రాత్రికి ఇక్కడే పెట్టుకుని చూస్తామనీ, ఆలస్యం చేయకుండా వచ్చి మంచి పని చేశారనీ చెప్పింది. ఆఖరి మాట మొగులమ్మ వైపు చూసి చెప్పింది. మొగులమ్మ తల దించుకుంది.

ఆరింటికి యాదన్న ఫ్యాక్టరీ బట్టల్లోనే ఉరుక్కుంటూ వచ్చాడు. కౌసల్య అతని చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అత్త వింటుండగానే, చాలా మామూలుగా చెప్పింది.

“కాన్పుకు మా అక్కను పిలిపియ్యి. అత్తమ్మ నా దగ్గర ఉండొద్దు.”

యాదన్న తెల్లబోయి తల్లి వైపు చూశాడు. మొగులమ్మ మంచిదన్నట్టు తలూపింది. నొప్పి కలిగింది, అబద్ధమెందుకు. కానీ ఆ పిల్ల అడిగింది న్యాయం. చీర కొంగు సర్దుకుని, సంచి తీసుకుని తలుపు దాకా నడిచింది.

“అత్తమ్మా,” అని వెనకనుంచి పిలుపు వినబడింది. “పిల్లకు ఎంటికెలు ఉండెనా?”

మొగులమ్మ ఆగింది. “ఉండె. నల్లగ, మస్తుగ ఉండె.”

“కూసో. అన్ని చెప్పి పో.”

మొగులమ్మ సంచి కింద పెట్టి, మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఆ పిల్ల కాలి వేళ్ల దగ్గరనుంచి చెప్పడం మొదలుపెట్టింది.